జియోలైట్ గదుల్లో చక్కెర

గ్లూకోజ్ అణువుకు ఒక చివర ఆల్డిహైడ్ సమూహం ఉంటుంది. ఆ సమూహానికి రెండు హైడ్రోజన్ పరమాణువులు చేరితే అది ఆల్కహాల్ సమూహంగా మారి, గ్లూకోజ్ కాస్తా సార్బిటాల్ అవుతుంది. ఇదే పద్ధతిలో మొక్కల నారలో దొరికే జైలోజ్ జైలిటాల్ అవుతుంది. పండ్లలో ఉండే ఫ్రక్టోజ్ నుంచి సార్బిటాల్, మానిటాల్ రెండూ కలిసి వస్తాయి. వీటిని చక్కెర ఆల్కహాళ్లు అంటారు. పేరులో ఆల్కహాల్ ఉన్నా వీటికి మత్తుతో సంబంధం లేదు. రుచికి తీపి, చూడటానికి తెల్లని పొడి, నీటిలో తేలిగ్గా కరుగుతాయి.

సార్బిటాల్‌ను 1872లో ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త బూసింగో రోవన్ అనే చెట్టు పండ్ల నుంచి వేరుచేశాడు. ఇవాళ అది లేని ఇల్లు అరుదు. టూత్‌పేస్టు గొట్టంలో ఎండిపోకుండా తడిని పట్టి ఉంచేది అదే. చక్కెర లేని దగ్గుమందులకు తీపినిచ్చేదీ అదే. పంచదార తీపిలో దాని తీపి సుమారు 60 శాతం. గ్రాము పంచదార 4 కిలోకేలరీల శక్తినిస్తే సార్బిటాల్ 2.6 మాత్రమే ఇస్తుంది. జైలిటాల్ తీపిలో పంచదారతో సమానం, శక్తి 2.4 కిలోకేలరీలు. పళ్లను పుచ్చబెట్టే సూక్ష్మజీవులకు అది ఆహారంగా పనికిరాదు, అందుకే చూయింగ్ గమ్‌లో వాడతారు. అయితే కుక్కలకు జైలిటాల్ ప్రాణాంతకం. అది కలిసిన తినుబండారాలను వాటికి అందకుండా ఉంచాలి. మనుషులైనా చక్కెర ఆల్కహాళ్లను మోతాదు మించి తింటే విరేచనాలు పట్టుకుంటాయి.

వీటి అసలు విలువ తీపితో ముగిసేది కాదు. 1933లో రైక్‌స్టీన్ రూపొందించిన విటమిన్ సి తయారీ పద్ధతి సార్బిటాల్‌తోనే మొదలవుతుంది. సార్బిటాల్ నుంచి రెండు నీటి అణువులను తొలగిస్తే ఐసోసార్బైడ్ వస్తుంది. గుండెనొప్పి వచ్చినప్పుడు నాలుక కింద పెట్టుకునే ఐసోసార్బైడ్ డైనైట్రేట్ మాత్రకు మూలం అదే. పెట్రోలియం మీద ఆధారపడకుండా మొక్కల నుంచి తయారు చేయదగిన ముఖ్య రసాయనాలంటూ 2004లో అమెరికా ఇంధన శాఖ 12 అంశాల జాబితా ప్రకటించింది. సార్బిటాల్‌కు, జైలిటాల్‌కు అందులో చోటు దక్కింది.

గ్లూకోజ్ నీటిలోకి హైడ్రోజన్ వాయువును ఊరికే పంపితే ఏమీ జరగదు. హైడ్రోజన్ అణువులోని రెండు పరమాణువుల మధ్య బంధం బలమైనది. దాన్ని తెంచి పరమాణువులను విడివిడిగా పట్టి ఉంచగల ఉపరితలం కావాలి. నికెల్ ఆ పని చేస్తుందని పందొమ్మిదో శతాబ్దం చివర పాల్ సబాటియే నిరూపించాడు, 1912లో నోబెల్ బహుమతి అందుకున్నాడు. 1920లలో అమెరికన్ ఇంజనీరు ముర్రే రేనీ నికెల్‌ను అల్యూమినియంతో కలిపి మిశ్రలోహం చేసి, కాస్టిక్ సోడాలో అల్యూమినియాన్ని కరిగించేశాడు. మిగిలిన నికెల్ లోపలంతా సన్నని రంధ్రాలే. కొద్ది గ్రాముల్లోనే ఎంతో ఉపరితలం దొరికింది. సార్బిటాల్ పరిశ్రమ దశాబ్దాల తరబడి ఈ రేనీ నికెల్ మీదే నడిచింది. గ్లూకోజ్ ద్రావణాన్ని 120 నుంచి 150 డిగ్రీల వరకు వేడిచేసి, వాతావరణ పీడనానికి పదుల రెట్ల పీడనంతో హైడ్రోజన్‌ను ఎక్కిస్తారు. అంత పీడనం ఎందుకంటే, హైడ్రోజన్ నీటిలో కరగడమే కష్టం. మామూలు పీడనం దగ్గర లీటరు నీటిలో 2 మిల్లీగ్రాములైనా కరగదు.

నికెల్‌తో ఒక చిక్కుంది. అది కొద్దికొద్దిగా ద్రావణంలోకి కరిగి వస్తుంది. మందుల్లోకీ ఆహారంలోకీ వెళ్లే సరుకులో నికెల్ ఉండకూడదు కనుక, తర్వాత అయాన్ మార్పిడి రెసిన్ల గుండా పంపి శుభ్రం చేయాలి. రుథీనియం ఈ బెడదను చాలావరకు తప్పిస్తుంది. 1844లో కజాన్‌లో కార్ల్ క్లాస్ కనుగొన్న ఈ లోహం నికెల్ కంటే ఎన్నో రెట్లు చురుకైనది, తేలిగ్గా కరగదు. కానీ చాలా ఖరీదైనది. ఇంత ఖరీదైన లోహాన్ని ముద్దగా వాడితే లోపలి పరమాణువులన్నీ వృథా. అందువల్ల దాన్ని ఒకటి రెండు నానోమీటర్ల రేణువులుగా చేసి, వేరే పదార్థం మీద పరచి నిలబెట్టాలి. ఆ ఆధార పదార్థంగా పరిశ్రమలో ఎక్కువగా వాడేది కార్బన్. దానికి పోటీగా పరిశోధనశాలల్లో నిలిచినవాటిలో ముఖ్యమైనది జియోలైట్ అనే స్ఫటికం.

ఇలా చర్యను నడిపించే పదార్థాన్ని ఉత్ప్రేరకం అంటారు. తెలంగాణలోని ఎరువుల పట్టణం రామగుండానికి ఆ మాట కొత్తదేమీ కాదు. భారత ఎరువుల సంస్థ ఇక్కడ బొగ్గు ఆధారిత కర్మాగారం కట్టింది, అది 1980లో ఉత్పత్తి మొదలుపెట్టింది. బొగ్గును పొడిచేసి, ఆక్సిజన్‌తో, ఆవిరితో కలిపి మండించి హైడ్రోజన్, కార్బన్ మోనాక్సైడ్ మిశ్రమాన్ని తీసేవారు. రోజుకు 900 టన్నుల అమోనియా దాని స్థాపిత సామర్థ్యం. 1999లో అది మూతపడింది. అదే ప్రాంగణంలో రామగుండం ఫెర్టిలైజర్స్ అండ్ కెమికల్స్ సంస్థ కట్టిన సహజవాయువు కర్మాగారం 2021లో వాణిజ్య ఉత్పత్తి ప్రారంభించింది. దాని సామర్థ్యం రోజుకు 2200 టన్నుల అమోనియా, 3850 టన్నుల యూరియా. సహజవాయువు, ఆవిరి నికెల్ ఉత్ప్రేరకం మీద కలిసి హైడ్రోజన్‌ను ఇస్తాయి. ఆ హైడ్రోజన్ ఇనుప ఉత్ప్రేరకం మీద నైట్రోజన్‌తో కలిసి అమోనియా అవుతుంది. నికెల్‌కు ముందు గంధకాన్ని, ఇనుముకు ముందు కార్బన్ మోనాక్సైడ్‌ను తొలగించే అంచెలున్నాయి. లోహపు ఉపరితలానికి అవి రెండూ విషాలే. చక్కెరకు హైడ్రోజన్ ఎక్కించే రుథీనియం విషయంలోనూ ఇంతే జాగ్రత్త అవసరం.

ఇక్కడ ఒక లెక్క చూడాలి. 2200 టన్నుల అమోనియాలో ఉండే హైడ్రోజన్ బరువు సుమారు 388 టన్నులు. 180 గ్రాముల గ్లూకోజ్ 182 గ్రాముల సార్బిటాల్ కావడానికి పట్టేది 2 గ్రాముల హైడ్రోజన్. అంటే టన్ను సార్బిటాల్‌కు 11 కిలోలు చాలు. రోజుకు 100 టన్నుల సార్బిటాల్ చేసే ఫ్యాక్టరీకి టన్ను పైచిలుకు హైడ్రోజన్ సరిపోతుంది. ఎరువుల కర్మాగారం రోజూ వాడే దానిలో అది మూడు వందో వంతు కూడా కాదు. హైడ్రోజన్ పరిమాణం ఈ పరిశ్రమకు అడ్డంకి కాదని ఈ లెక్క తేల్చేస్తుంది. అడ్డంకి ఉత్ప్రేరకం దగ్గర ఉంది.

జియోలైట్ సిలికాన్, అల్యూమినియం, ఆక్సిజన్ పరమాణువులతో ఏర్పడిన స్ఫటికం. ఈ జాతి ఖనిజాలను 1756లో స్వీడన్‌కు చెందిన క్రోన్‌స్టెట్ తొలిసారి వర్ణించాడు. ఇరవయ్యో శతాబ్దం నడిమి నుంచి వీటిని కర్మాగారాల్లో కృత్రిమంగా తయారు చేస్తున్నారు. స్ఫటికం లోపల ఒకే కొలతగల గదులు, ఒకే కొలతగల కిటికీలు వరుసగా ఉంటాయి. వై రకం జియోలైట్‌లో గది వెడల్పు 1.3 నానోమీటర్లు, కిటికీ 0.74 నానోమీటర్లు. జడ్‌ఎస్‌ఎం-5 రకంలో దారుల వెడల్పు 0.55 నానోమీటర్ల దగ్గర ఉంటుంది. అల్యూమినియం పరమాణువు ఉన్న ప్రతిచోటా చట్రానికి ఒక రుణావేశం మిగులుతుంది. దాన్ని సరిచేయడానికి పక్కనే ఒక సోడియం అయానో, ఒక ప్రోటానో ఉండాలి. సోడియం తీసి అమ్మోనియం పెట్టి, 500 డిగ్రీల దాకా కాలిస్తే అమ్మోనియా ఎగిరిపోతుంది, ప్రోటాన్ మిగులుతుంది. అప్పుడు ఆ స్ఫటికం ఘనరూపంలో ఉన్న ఆమ్లం అవుతుంది.

లోహాన్ని ఎక్కించడానికి రెండు దారులున్నాయి. రుథీనియం అమ్మైన్ లవణ ద్రావణంలో జియోలైట్‌ను నానబెడితే లోహ అయాన్లు సోడియం స్థానాల్లోకి వచ్చి కూర్చుంటాయి. ఇది అయాన్ మార్పిడి. లోహ లవణాన్ని రంధ్రాల్లోకి పీల్పించి నీటిని ఆరబెట్టడం రెండోది. ఏ దారిలో చేసినా చివర హైడ్రోజన్ ప్రవాహంలో వేడిచేసి అయాన్లను లోహంగా క్షయకరించాలి. బరువులో 1 నుంచి 5 శాతం లోహం చాలు. వేడి పెంచడంలో తొందరపడితే చిన్న రేణువులు ఒకదానితో ఒకటి కలిసి పెద్దవైపోతాయి, పెట్టిన ఖర్చంతా నీళ్లపాలవుతుంది.

కార్బన్ చేయలేని ఒక పనిని జియోలైట్ చేస్తుంది. కార్బన్ లోహాన్ని మోస్తుంది, అంతే. జియోలైట్ లోహాన్ని మోస్తూనే తన ఆమ్ల స్థానాలతో పెద్ద అణువులను విడగొడుతుంది. ఈ గుణాన్ని గట్టిగా చూపించినవారు బెల్జియం పరిశోధకులు జేకబ్స్, హినెకెన్స్. 1980ల చివర వారు దాఖలు చేసిన పేటెంటులో రుథీనియం ఎక్కించిన వై రకం జియోలైట్‌తో పిండిపదార్థాన్ని ఒకే పాత్రలో సార్బిటాల్‌గా మార్చారు. సాధారణ పద్ధతిలో ముందు ఎంజైములతో పిండిని గ్లూకోజ్ చేయాలి, దాన్ని శుభ్రపరచాలి, ఆ తర్వాతే హైడ్రోజన్. ఇక్కడ మాత్రం ఆమ్ల స్థానం పిండి గొలుసును తెంచి గ్లూకోజ్‌ను విడుదల చేస్తే, లోహం వెంటనే దాన్ని సార్బిటాల్ చేసేస్తుంది. ఈ వెంటనే అన్నదే కీలకం. వేడినీటిలో, ఆమ్లంలో గ్లూకోజ్ ఎక్కువసేపు ఉంటే హైడ్రాక్సీమిథైల్ ఫర్‌ఫ్యూరాల్‌గా, ఆ తర్వాత నల్లటి జిగురు పదార్థాలుగా పాడవుతుంది. సార్బిటాల్‌కు ఆల్డిహైడ్ లేదు కనుక అలా త్వరగా పాడవదు.

2006లో జపాన్‌లో ఫుకువోకా, ధేపే మరో అడుగు ముందుకు వేశారు. పిండికి బదులు సెల్యులోజ్‌ను, అంటే మొక్కల నార పదార్థాన్ని, ప్లాటినం లేదా రుథీనియం ఎక్కించిన ఘన ఉత్ప్రేరకాలతో 190 డిగ్రీల వేడిలో చక్కెర ఆల్కహాళ్లుగా మార్చి చూపారు. అప్పుడు పరీక్షించిన ఆధార పదార్థాల్లో జియోలైట్లూ ఉన్నాయి. మనిషి తినే పిండిని వదిలి, తినని గడ్డీ కట్టే వైపు మళ్లడానికి ఈ ప్రయోగం దారి తీసింది.

ఇందులో ఒక కొలత కుదరదు. గ్లూకోజ్ అణువు వెడల్పు సుమారు 0.85 నానోమీటర్లు. వై రకం కిటికీకి అదే బిగుతు, జడ్‌ఎస్‌ఎం-5 దారుల్లో అసలు పట్టదు. పిండి, సెల్యులోజ్ గొలుసులు లోపలికి వచ్చే ప్రశ్నే లేదు. కాబట్టి చర్యలో ఎక్కువ భాగం స్ఫటికం బయటి అంచుల మీదే జరుగుతుంది. లోపలి గదుల్లో భద్రంగా దాచిన రుథీనియానికి చక్కెర చేరకపోతే అది ఉన్నా లేనట్టే. దీనికి విరుగుడుగా జియోలైట్‌ను పలచని క్షార ద్రావణంలో ఉంచి కొంత సిలికాను కరిగించి, 2 నుంచి 50 నానోమీటర్ల వెడల్పుగల పెద్ద దారులు తొలుస్తారు. లోహాన్ని ఆ పెద్ద దారుల్లో నిలపాలి. ఎంత శాతం లోహం ఎక్కించామన్నది ఒక్కటే చెబితే చాలదు, అది ఎక్కడ ఉందో కూడా చెప్పాలి. చాలా ప్రయోగ ఫలితాలను పోల్చలేకపోవడానికి ఇదొక కారణం.

ఇంతకంటే పెద్ద శత్రువు నీరు. జియోలైట్లకు పెట్రోలియం శుద్ధి కర్మాగారాల్లో అనుభవం ఎక్కువ. అక్కడ నీటి ఆవిరి తగులుతుంది, వేడి చాలా ఎక్కువ. అల్యూమినియం తగ్గించిన వై రకం జియోలైట్ ఆ ఆవిరిని బాగా తట్టుకుంటుంది. ద్రవరూపంలో ఉన్న వేడినీటి దగ్గర కథ తిరగబడుతుంది. 2010లో వెలువడిన ఒక పరిశోధన ఈ సంగతి తేల్చింది. 150, 200 డిగ్రీల నీటిలో ఉంచినప్పుడు అల్యూమినియం తక్కువగా ఉన్న వై రకం స్ఫటికాలు గంటల్లోనే నిర్మాణం కోల్పోయాయి. జడ్‌ఎస్‌ఎం-5 మాత్రం చెక్కుచెదరలేదు. ఆవిరి అల్యూమినియాన్ని పీకితే, ద్రవజలం సిలికాన్-ఆక్సిజన్ బంధాలను తెంచుతుంది. స్ఫటికం కూలితే గదులు పోతాయి, ఆమ్ల స్థానాలు పోతాయి, లోహ రేణువులు కలిసిపోతాయి. అంటే చక్కెర కొంతైనా చేరగల జియోలైట్ నీటిలో నిలవదు, నీటిలో నిలిచేదాంట్లోకి చక్కెర వెళ్లదు. ఈ రంగంలో ఉన్న అసలు పేచీ ఇదే. స్ఫటికం ఉపరితలాన్ని నీరంటని సేంద్రియ సిలేన్ పొరతో కప్పడం, లోపాలు లేని స్ఫటికాలను పెంచడం, చర్య వేడిని 150 డిగ్రీలలోపే ఉంచడం వంటివి ఇందుకు వెతుకుతున్న ఉపాయాలు.

ఆమ్ల స్థానాలూ, లోహమూ మితిమీరి పనిచేసినా నష్టమే. ఆమ్లం ఎక్కువైతే సార్బిటాల్ నుంచి నీరు ఊడి సార్బిటాన్, ఐసోసార్బైడ్ ఏర్పడతాయి. అవి కావాలనుకుంటే మంచిదే, సార్బిటాల్ కావాలంటే కాదు. రుథీనియం ఎక్కువసేపు వేడిలో ఉంటే కార్బన్ గొలుసును తెంచి గ్లిజరాల్, గ్లైకాల్, చివరకు మీథేన్ దాకా తీసుకుపోతుంది. సోడియం రూపంలో ఉండే జియోలైట్లు క్షారగుణం చూపి గ్లూకోజ్‌లో కొంత భాగాన్ని ఫ్రక్టోజ్‌గా మారుస్తాయి. దాంతో మానిటాల్ కలుస్తుంది. ఎంత వేడి, ఎంతసేపు, ఎంత ఆమ్లం అన్న మూడింటినీ కలిపి చూడాలి.

రామగుండం పక్కనే జియోలైట్‌కు కావలసిన ముడిసరుకు కుప్పలుగా పడి ఉంది. 2600 మెగావాట్ల ఎన్‌టీపీసీ విద్యుత్ కేంద్రం సింగరేణి బొగ్గుతో నడుస్తుంది. భారతీయ బొగ్గులో బూడిద ఎక్కువ, టన్ను బొగ్గు కాలిస్తే సాధారణంగా 300 కిలోలకు పైగా మిగులుతుంది. ఆ బూడిద సిమెంటుకు, ఇటుకలకు, రోడ్లకు పోతుంది, మిగిలింది బూడిద చెరువుల్లో చేరుతుంది. అందులో ప్రధానంగా ఉండేవి సిలికా, అల్యూమినా. జియోలైట్‌కు కావలసిన రెండూ ఇవే. బూడిదను కాస్టిక్ సోడా ద్రావణంలో 100 డిగ్రీల పరిసరాల్లో గంటల తరబడి ఉడికిస్తే జియోలైట్ స్ఫటికాలు ఏర్పడతాయని 1985లో జర్మనీ పరిశోధకులు హోలర్, విర్షింగ్ ప్రకటించారు. బూడిదను ముందే కాస్టిక్ సోడాతో కలిపి 550 డిగ్రీలకు పైగా కాల్చి, ఆ తర్వాత నీటిలో ఉడికిస్తే మరింత శుద్ధమైన ఎక్స్, ఏ రకాల జియోలైట్లు వస్తాయి. బూడిదలో గాజులాంటి భాగం మాత్రం తేలిగ్గా కరుగుతుంది. క్వార్ట్‌జ్, ముల్లైట్ స్ఫటికాలు మొండివి, కాల్చడం వల్ల అవి కూడా దారికొస్తాయి.

బూడిద నుంచి సార్బిటాల్ ఉత్ప్రేరకం దాకా ఒక్క అంగలో చేరలేం. బూడిద జియోలైట్లలో అల్యూమినియం ఎక్కువ, అవి ఆమ్లాన్ని తట్టుకోలేవు. ప్రోటాన్ రూపంలోకి మార్చబోతే నిర్మాణం దెబ్బతింటుంది. ఇనుము, కాల్షియం మలినాలుగా మిగులుతాయి. ఆర్సెనిక్, సీసం వంటి భార లోహాల ఆనవాళ్లుంటే మందుల్లోకి వెళ్లే సరుకు దగ్గరకు దాన్ని రానీయకూడదు. నీటిలోని కాఠిన్యాన్ని, మురుగునీటిలోని అమ్మోనియంను తీసేయడానికి బూడిద జియోలైట్ బాగా పనికొస్తుంది. ఎరువుల కర్మాగారం ఉన్న ఊరికి ఈ రెండో ఉపయోగం చిన్నదేమీ కాదు. ఉత్ప్రేరకమే కావాలనుకుంటే వేరే దారి పట్టాలి. బూడిద నుంచి సిలికాను ముందుగా సోడియం సిలికేట్‌గా వేరుచేసి, శుభ్రపరచి, ఆ ద్రావణం నుంచి కోరిన రకం స్ఫటికాన్ని పెంచాలి. ఖర్చు పెరుగుతుంది. కానీ ఉత్ప్రేరకం టన్నుల్లో అక్కర్లేదు, మళ్లీ మళ్లీ వాడతారు కనుక ఆ ఖర్చు భరించదగినదే.

ఈ విద్యకు తెలుగు నేల మీద పునాది ఉంది. 1944లో హైదరాబాద్‌లో మొదలైన ప్రయోగశాలే నేటి భారతీయ రసాయన సాంకేతిక సంస్థ, ఐఐసీటీ. అక్కడ జడ్‌ఎస్‌ఎం-5 జాతి జియోలైట్ల మీద పిరిడిన్, పికోలిన్ అనే రసాయనాల తయారీపై చాలాకాలం పరిశోధన జరిగింది. ప్లాటినం ఎక్కించిన మోర్డెనైట్ జియోలైట్‌తో గ్లిజరాల్‌ను 1,3-ప్రొపేన్‌డయాల్‌గా మార్చిన పని కూడా ఆ సంస్థదే. గ్లిజరాల్ మూడు కార్బన్ల చక్కెర ఆల్కహాల్, ప్రొపేన్‌డయాల్ పాలియెస్టర్ నూలుకు ముడిసరుకు. లోహం ఒకచోట, ఆమ్లం ఒకచోట ఉండి చేయిచేయి కలపాలన్న సూత్రం అక్కడా ఇక్కడా ఒకటే.

చక్కెర ఎక్కడిది అన్నది మిగిలింది. గోదావరి ఒడ్డున రామగుండం ప్రాంతంలో వరి, పత్తి, మొక్కజొన్న ప్రధానమైన పంటలు. బియ్యపు నూకల నుంచి, మొక్కజొన్న పిండి నుంచి గ్లూకోజ్ తీయడం పాత విద్య. గింజలు వొలిచాక మిగిలే మొక్కజొన్న బెండ్లలో జైలాన్, అంటే జైలోజ్ గొలుసు, పుష్కలం. జైలిటాల్ పరిశ్రమకు అది పేరున్న ముడిసరుకు. వరిగడ్డిలో సెల్యులోజ్‌తో పాటు సిలికా కూడా ఎక్కువ. పత్తికట్టె గట్టిది, ఆ గట్టిదనాన్నిచ్చే లిగ్నిన్ ఎక్కువ. లిగ్నిన్ లోహపు ఉపరితలాన్ని మూసేస్తుంది కనుక ముందే తీసేయాలి. ఈ మూడింటిలో ముందుగా చేపట్టదగినది మొక్కజొన్న బెండే. దానిలోని జైలాన్ సెల్యులోజ్ కంటే తక్కువ వేడిలో, తేలిగ్గా విడిపోతుంది. వేడి తగ్గితే జియోలైట్ ఆయుష్షు పెరుగుతుంది.

కొత్త ఉత్ప్రేరకం గురించి ప్రకటన వెలువడినప్పుడు మొదటిసారి ఎంత దిగుబడి వచ్చిందన్నది వార్తల్లో ముందుకొస్తుంది. పరిశ్రమకు కావలసినవి వేరే అంకెలు. అదే ఉత్ప్రేరకాన్ని కడిగి పదోసారి వాడినప్పుడు ఎంత వచ్చింది, ద్రావణంలోకి ఎంత రుథీనియం, ఎంత సిలికాన్ కరిగింది, పలచని ద్రావణంలో కాక 40, 50 శాతం చక్కెర ఉన్న చిక్కని ద్రావణంలో ఎలా నడిచింది అన్నవి చూడాలి. ఈ కొలతల్లో కార్బన్ మీది రుథీనియం శుద్ధమైన గ్లూకోజ్ విషయంలో ఇప్పటికీ ముందుంది. దాన్ని తోసిరాజనడానికి జియోలైట్ ప్రయత్నించనక్కర్లేదు. పిండిని, బెండును, గడ్డిని ఒకే పాత్రలో విడగొట్టి హైడ్రోజన్ ఎక్కించవలసిన చోట జియోలైట్‌కు సాటి రాగలవి తక్కువ. అక్కడ కూడా 150 డిగ్రీల నీటిలో నెలల తరబడి నిలిచిన రోజునే అది ప్రయోగశాల గడప దాటి ఫ్యాక్టరీలో అడుగుపెడుతుంది.